విండోస్ 10 గడువు ముగిసింది: మీ పాత కంప్యూటర్‌కు సరైన డిస్‌ప్లే డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడ వెతకకూడదు?

పాత డెస్క్‌టాప్‌ను ఫార్మాట్ చేయించి ఇంటికి తెచ్చుకున్నారు. ఆన్ చేశారు. ఐకాన్లన్నీ పెద్దగా, మసకగా కనిపిస్తున్నాయి. ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతుంటే కింద ఉండాల్సిన ‘సబ్మిట్’ బటన్ స్క్రీన్ మీదకే రావడం లేదు. వీడియో ఆగి ఆగి నడుస్తోంది. ల్యాప్‌టాప్ అయితే బ్రైట్‌నెస్ తగ్గడం లేదు, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టినా టీవీలో బొమ్మ రావడం లేదు.

షాపుకు వెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: ‘‘ఈ సిస్టమ్ పనైపోయిందండీ, కొత్తది తీసుకోండి.’’

కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి. పైన చెప్పిన లక్షణాలన్నీ ఒకేసారి కనిపిస్తే, చాలా సందర్భాల్లో కంప్యూటర్ పాడైనట్టు కాదు. దానికి సరైన డిస్‌ప్లే డ్రైవర్ లేనట్టు. ఆ డ్రైవర్ ఉచితం. అయితే దాన్ని సరైన చోట వెతకాలి. తొందరగా వెతకాలి కూడా. ఎందుకో చూద్దాం.

డిస్‌ప్లే డ్రైవర్ అంటే ఏంటి?

స్క్రీన్ మీద బొమ్మను తయారు చేసేది గ్రాఫిక్స్ చిప్. అది ప్రాసెసర్‌లోనే కలిసి ఉండొచ్చు, విడిగా కార్డు రూపంలోనూ ఉండొచ్చు. ఆ చిప్‌తో విండోస్ ఏ భాషలో మాట్లాడాలో చెప్పే చిన్న సాఫ్ట్‌వేరే డ్రైవర్.

సరైన డ్రైవర్ దొరకనప్పుడు విండోస్ తన దగ్గరున్న సాధారణ డ్రైవర్‌తో బండి నడిపిస్తుంది. దాని పేరు ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’. విండోస్ 7లో ఇదే ‘స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్’ అని కనిపించేది. ఇది బొమ్మ చూపిస్తుంది, అంతే. చిప్‌కున్న శక్తిని వాడుకోదు. వీడియో భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. రెండో మానిటర్ పనిచేయదు. స్లీప్ ఆప్షన్ కూడా కనిపించకపోవచ్చు.

ఇప్పుడే ఎందుకు ఈ చర్చ?

రెండు కారణాలున్నాయి.

మొదటిది: 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ఆపేసింది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైది కావాలి. గ్రాఫిక్స్ విషయంలో డైరెక్ట్‌ఎక్స్ 12, డబ్ల్యూడీడీఎం 2.0 డ్రైవర్ తప్పనిసరి. అంటే 2017కు ముందు కొన్న కంప్యూటర్లలో అత్యధికం ఈ గీతకు అవతలే ఉండిపోయాయి.

వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది. కంప్యూటర్ సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ చేస్తే ఉచితంగా, లేదా 1,000 రివార్డ్ పాయింట్లతో, లేదా 30 డాలర్లు కట్టి ఇందులో చేరొచ్చు. కానీ ఈ పథకంలో వచ్చేవి భద్రతా మరమ్మతులే. కొత్త డ్రైవర్లు రావు.

రెండోది: విండోస్ అప్‌డేట్‌లో పోగుపడిన పాత డ్రైవర్లను దశలవారీగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2025 జూన్‌లో ప్రకటించింది. కొత్త వెర్షన్ అందుబాటులో ఉన్న పాత డ్రైవర్లతో మొదలుపెడతామని చెప్పింది. భద్రత దృష్ట్యా ఇది సరైన నిర్ణయమే. 2025 అక్టోబర్ అప్‌డేట్‌లో ఎప్పటిదో ఒక మోడెమ్ డ్రైవర్‌ను విండోస్ నుంచే తీసేశారు. దానిలోని లోపాన్ని హ్యాకర్లు వాడుకుంటుండటమే కారణం.

కానీ పదేళ్ల నాటి కంప్యూటర్‌ను వాడుతున్నవారికి దీని అర్థం వేరు. ఇన్నాళ్లూ ఫార్మాట్ చేసిన ప్రతిసారీ నెట్ పెట్టగానే దానంతటదే వచ్చిన డ్రైవర్ రేపు కూడా అలాగే వస్తుందన్న భరోసా లేదు. కాబట్టి ఇప్పుడు బాగా పనిచేస్తున్న కంప్యూటర్ ఉన్నవారు కూడా ఈ కథనం చివరిదాకా చదవండి. మీరు చేయాల్సిన పని ఒకటుంది.

ముందుగా: ఇది నిజంగా డ్రైవర్ సమస్యేనా?

డ్రైవర్ వెతికే ముందు మూడు చిన్న పరీక్షలు చేయండి.

ఒకటి, కంప్యూటర్ ఆన్ చేయగానే కంపెనీ లోగో వస్తుంది కదా, ఆ దశలోనే స్క్రీన్ మీద గీతలు, రంగు మచ్చలు కనిపిస్తే అది డ్రైవర్ సమస్య కాదు. అప్పటికి విండోస్ ఇంకా మొదలే కాలేదు. కేబుల్, మానిటర్ లేదా చిప్‌లో తేడా ఉన్నట్టు. లోగో బాగానే వచ్చి, విండోస్ మొదలయ్యాక సమస్య వస్తే డ్రైవర్‌ను అనుమానించాలి.

రెండు, కేబుల్ మార్చి చూడండి. పాత వీజీఏ కేబుల్లో ఒక పిన్ను వంగినా స్క్రీన్ పచ్చగానో, గులాబీ రంగులోనో కనిపిస్తుంది.

మూడు, డెస్క్‌టాప్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టారా, పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు పెట్టారా చూడండి. శుభ్రం చేయించి తెచ్చిన సిస్టమ్‌లలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

మీ చిప్ ఏంటో తెలుసుకోవడం ఎలా?

సరైన డ్రైవర్ దొరకాలంటే మూడు విషయాలు తెలియాలి: చిప్ ఏది, విండోస్ వెర్షన్ ఏది, అది 32 బిట్టా 64 బిట్టా.

చివరి రెండూ సులభం. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ఆ తర్వాత ‘అబౌట్’ నొక్కితే కనిపిస్తాయి. 32 బిట్ విండోస్ వాడుతున్నవారు జాగ్రత్తగా ఉండాలి. ఎన్విడియా 2018లోనే 32 బిట్ డ్రైవర్ల తయారీని 390 సిరీస్‌తో ఆపేసింది.

చిప్ సంగతికి వద్దాం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డివైజ్ మేనేజర్’ తెరవండి. అందులో ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ పక్కనున్న బాణం నొక్కండి. అక్కడ ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ లాంటి పేరు, మోడల్ కనిపిస్తే డ్రైవర్ ఉన్నట్టే. ‘బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే లేనట్టు. అప్పుడు చిప్ పేరు కూడా కనిపించదు.

పేరు లేకపోయినా చిప్‌కు ఆధార్ నంబర్ లాంటిది ఒకటి ఉంటుంది. దాన్నే ‘హార్డ్‌వేర్ ఐడీ’ అంటారు. ఆ అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’, అందులో ‘డీటెయిల్స్’ ట్యాబ్, కింది జాబితాలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. ‘పీసీఐ\వీఈఎన్_8086&డీఈవీ_0102’ తరహాలో ఒక వరుస కనిపిస్తుంది.

ఇందులో ‘వీఈఎన్’ తర్వాతి నాలుగు అక్షరాలు తయారీ కంపెనీని చెబుతాయి. 8086 అంటే ఇంటెల్. 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరు కూడా ఇదే. 10డీఈ అంటే ఎన్విడియా. 1002 అంటే ఏఎండీ. ఏఎండీ 2006లో కొనేసిన ఏటీఐ కంపెనీ నంబర్ అది, ఇప్పటికీ కొనసాగుతోంది. ‘డీఈవీ’ తర్వాతి నాలుగు అక్షరాలు చిప్ మోడల్. పై ఉదాహరణలోని 0102 రెండో తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఉండే హెచ్‌డీ గ్రాఫిక్స్.

ఈ వరుసను కాపీ చేసుకుని ఫోన్‌కు పంపుకోండి. బాక్స్ మీద పేరు, షాపు బిల్లులో రాసిన మోడల్, మెకానిక్ చెప్పిన మాట కంటే ఇదే నమ్మదగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిస్టమ్‌లలో కార్డు మారి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి వాటికి ఇది మరీ అవసరం.

ఎక్కడ వెతకాలి? ఈ వరుస పాటించండి

1. విండోస్ అప్‌డేట్: ముందు ఇంటర్నెట్ పెట్టండి. విండోస్ 10 సెట్టింగ్స్‌లో ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లి ‘వ్యూ ఆప్షనల్ అప్‌డేట్స్’ నొక్కండి. ‘డ్రైవర్ అప్‌డేట్స్’ అనే విభాగం ఉంటే అందులో మీ చిప్ కంపెనీ పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోండి. చాలామంది ఈ ఆప్షన్ చూడకుండానే గూగుల్‌లోకి వెళ్లిపోతారు. సగం తిప్పలు అక్కడే మొదలవుతాయి.

2. కంప్యూటర్ తయారీ కంపెనీ సైట్: ల్యాప్‌టాప్ అడుగున, సీపీయూ వెనక స్టిక్కర్ మీద సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబర్ ఉంటుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీల సపోర్ట్ పేజీలో ఆ నంబర్ కొడితే మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ల జాబితా వస్తుంది. ల్యాప్‌టాప్ వాడేవారికి ఇదే ముఖ్యమైన ద్వారం. ముఖ్యంగా 2011-13 మధ్య వచ్చిన, రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో రెండింటినీ కలిపి తయారు చేసిన కంపెనీ డ్రైవరే సరిగ్గా పనిచేస్తుంది. మీ విండోస్ వెర్షన్‌కు డ్రైవర్ లేకపోతే దాని ముందు వెర్షన్‌ది ప్రయత్నించొచ్చు. విండోస్ 8.1 డ్రైవర్ విండోస్ 10లో పనిచేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

3. చిప్ తయారీ కంపెనీ సైట్: ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ సొంత సైట్లలో మోడల్ పేరుతో వెతకండి. ‘ఈ డ్రైవర్ మీ కంప్యూటర్‌కు ధ్రువీకరించలేదు, తయారీ కంపెనీని సంప్రదించండి’ అనే అర్థంలో ఇంటెల్ ఇన్‌స్టాలర్ ఇంగ్లిష్‌లో సందేశం చూపిస్తే కంగారు పడొద్దు. మీ ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ వాడమని దాని అర్థం. తిరిగి రెండో ద్వారానికి వెళ్లండి.

4. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్: విండోస్ అప్‌డేట్‌లోకి వచ్చే ఫైళ్లన్నింటినీ ఎవరైనా వెతుక్కునేలా మైక్రోసాఫ్ట్ నడిపే సైట్ ఇది. మీరు కాపీ చేసిన హార్డ్‌వేర్ ఐడీలో ‘డీఈవీ’ నాలుగు అక్షరాల వరకు ఉంచి, మిగతాది తీసేసి ఇక్కడి సెర్చ్ బాక్స్‌లో వేయండి. వచ్చిన జాబితాలో మీ విండోస్ వెర్షన్, తేదీ చూసి డౌన్‌లోడ్ చేసుకోండి. వచ్చేది ‘క్యాబ్’ ఫైలు. 7-జిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఒక ఫోల్డర్‌లోకి విప్పండి. తర్వాత డివైజ్ మేనేజర్‌లో అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి ‘అప్‌డేట్ డ్రైవర్’, ‘బ్రౌజ్ మై కంప్యూటర్’ ఎంచుకుని ఆ ఫోల్డర్ చూపించండి.

ఈ నాలుగు ద్వారాల తర్వాత ఐదోది లేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

ఏ కంపెనీ చిప్‌కు ఇప్పుడు పరిస్థితి ఏంటి?

ఇంటెల్: ప్రాసెసర్ పేరులో గీత తర్వాత వచ్చే మొదటి అంకె తరాన్ని చెబుతుంది. ఐ3-2100 రెండో తరం, ఐ5-3470 మూడో తరం, ఐ5-4570 నాలుగో తరం. 2011లో వచ్చిన రెండో తరం వాటికి (హెచ్‌డీ గ్రాఫిక్స్ 2000, 3000) ఇంటెల్ ప్రత్యేకంగా విండోస్ 10 డ్రైవర్ ఇవ్వలేదు. విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చే పాత డ్రైవరే దిక్కు. అది దైనందిన పనులకు సరిపోతుంది. మూడు, నాలుగు తరాల వారికి విండోస్ 10 డ్రైవర్లున్నాయి. ఆరు నుంచి పదో తరం వరకు ఉన్నవాటిని 2022లోనే ఇంటెల్ పాతవాటి జాబితాలోకి మార్చింది. వాటికి ముఖ్యమైన మరమ్మతులే వస్తాయి.

ఎన్విడియా: జీఫోర్స్ 8, 9, 200 సిరీస్ కార్డులకు చివరి డ్రైవర్ 342.01. అది 2016 డిసెంబర్‌లో వచ్చింది. 400, 500 సిరీస్‌లలోని ఫెర్మీ చిప్‌లకు 391.35 వెర్షన్ వెతకండి. 600, 700 సిరీస్‌లలోని కెప్లర్ చిప్‌లకు కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు 2021లో ఆగాయి, భద్రతా మరమ్మతులు 2024 వరకు వచ్చాయి. జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌లకు కూడా 2025 అక్టోబర్‌తో గేమ్ రెడీ డ్రైవర్లు ముగిశాయి. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ వరకు ఇస్తామని కంపెనీ చెప్పింది. ఒకే సిరీస్ పేరుతో వేర్వేరు తరాల చిప్‌లు అమ్మిన సందర్భాలున్నాయి. అందుకే కార్డు మీది పేరు కన్నా హార్డ్‌వేర్ ఐడీ చూడమనేది.

ఏఎండీ: రేడియాన్ హెచ్‌డీ 5000, 6000 సిరీస్‌లకు 2015-16 నాటి డ్రైవర్లే చివరివి. హెచ్‌డీ 7000 నుంచి ఆర్9 300 వరకు ఉన్న తొలి మూడు జీసీఎన్ తరాలను 2021 జూన్‌లో పాతవాటిలో చేర్చారు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ‘కొత్త డ్రైవర్ అయితేనే మంచిది’ అన్నది పాత చిప్‌ల విషయంలో పనికిరాదు. మీ చిప్‌ను చివరిసారిగా పరీక్షించి విడుదల చేసిన డ్రైవరే మీకు సరైనది. దాని తేదీ 2016 అయినా సరే.

ఇన్‌స్టాల్ చేసే ముందు, చేశాక

ముందుగా ‘క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్’ అని స్టార్ట్‌లో వెతికి ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

ఇన్‌స్టాల్ మధ్యలో స్క్రీన్ ఒకటి రెండుసార్లు నల్లబడి తిరిగి వస్తుంది. అది మామూలే, పవర్ తీయొద్దు. పూర్తయ్యాక రీస్టార్ట్ చేయండి. డివైజ్ మేనేజర్‌లో చిప్ పేరు కనిపించాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ పక్కన ‘రికమెండెడ్’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి.

స్క్రీన్ నల్లగానే ఉండిపోతే? మొదట విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి బటన్లు నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఫలితం లేకపోతే విండోస్ లోడవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయడం రెండు మూడుసార్లు చేస్తే రికవరీ మెనూ వస్తుంది. అందులో ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’, ‘రీస్టార్ట్’ నొక్కి, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్‌లోకి వెళ్తారు. అక్కడ డివైజ్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, ‘డ్రైవర్’ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. అది నొక్కడానికి వీల్లేకుండా ఉంటే ‘అన్‌ఇన్‌స్టాల్’ చేయండి. కంప్యూటర్ మళ్లీ పాత స్థితికి వస్తుంది.

పనిచేస్తున్న కంప్యూటర్ ఉన్నవారు చేయాల్సిన పని

ముందు చెప్పిన పని ఇదే. ఇప్పుడున్న డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. సీ డ్రైవ్‌లో ‘విండోస్’ ఫోల్డర్, అందులో ‘సిస్టమ్32’, అందులో ‘డ్రైవర్‌స్టోర్’, అందులో ‘ఫైల్‌రిపాజిటరీ’ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని మొత్తంగా కాపీ చేయండి. కొన్ని జీబీలు ఉండొచ్చు. ఆ అసలు ఫోల్డర్‌లోంచి ఏదీ డిలీట్ చేయొద్దు, కాపీ మాత్రమే.

రేపు ఫార్మాట్ చేయాల్సి వస్తే డివైజ్ మేనేజర్‌లో ‘అప్‌డేట్ డ్రైవర్’ నొక్కి ఈ కాపీని చూపిస్తే చాలు. డిస్‌ప్లే మాత్రమే కాదు, సౌండ్, వైఫై డ్రైవర్లు కూడా అందులోనే ఉంటాయి. మెకానిక్‌కు సిస్టమ్ ఇచ్చే ముందే ఈ పని చేసి పెట్టుకోండి. ఫార్మాట్ అయ్యాక చేయడానికి ఏమీ మిగలదు.

ఎక్కడ వెతకకూడదు?

గూగుల్‌లో మీ చిప్ పేరు, ‘డ్రైవర్ డౌన్‌లోడ్’ అని కొడితే పైన ప్రకటనలుగా వచ్చే సైట్లలో చాలావరకు అసలు కంపెనీలవి కావు. ‘మీ కంప్యూటర్‌లో 27 డ్రైవర్లు పాతబడ్డాయి’ అని ఎర్ర అక్షరాల్లో భయపెట్టి, వాటిని మార్చడానికి డబ్బు అడుగుతాయి. కొన్ని అనవసరమైన సాఫ్ట్‌వేర్లు ఎక్కించేస్తాయి. ఇంకొన్నింటిలో మాల్‌వేర్ ఉంటుంది.

డ్రైవర్ మామూలు యాప్ లాంటిది కాదు. విండోస్ లోలోపలి భాగంలో, అన్ని అనుమతులతో నడుస్తుంది. అందుకే 64 బిట్ విండోస్ డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను ఒప్పుకోదు. ‘సంతకం తనిఖీ ఆపేస్తే పనైపోతుంది’ అని వీడియోల్లో చెప్పేవారి మాట వినొద్దు. ఇంటి తాళం తీసి వీధిలో వాడి చేతిలో పెట్టడమే అది.

‘మైక్రోసాఫ్ట్ హెల్ప్‌లైన్’ పేరుతో స్క్రీన్ మీద ప్రత్యక్షమయ్యే ఫోన్ నంబర్లు మరో ఉచ్చు. ఆ నంబర్‌కు ఫోన్ చేస్తే రిమోట్ యాప్ వేయించి, మీ కంప్యూటర్‌ను వారి చేతుల్లోకి తీసుకుంటారు. టెక్ సపోర్ట్ పేరుతో జరిగే ఈ తరహా మోసాలపై మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులతో సీబీఐ 2023 అక్టోబర్‌లో ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దేశంలో పలుచోట్ల సోదాలు జరిపింది. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉండదు. ఇదొక్కటి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి.

డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. డ్రైవర్ వేస్తానని డబ్బు తీసుకున్న షాపు పని చేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అందుకు బిల్లు కావాలి, కాబట్టి రిపేరుకు ఇచ్చేటప్పుడే రసీదు అడగండి.

ఎంత వెతికినా దొరకకపోతే?

కొన్ని చిప్‌లకు నిజంగానే దారి లేదు. ఇంటెల్ జీఎంఏ 3600 గ్రాఫిక్స్‌తో వచ్చిన ఆటమ్ నెట్‌బుక్‌లకు 32 బిట్ విండోస్ 7 డ్రైవర్ తప్ప ఇంకేదీ సరిగ్గా రాలేదు. అలాంటివాటి మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

మిగతా చాలా పాత చిప్‌లకు లినక్స్ మంచి ప్రత్యామ్నాయం. ఇంటెల్, ఏఎండీ పాత చిప్‌ల డ్రైవర్లు లినక్స్ కెర్నల్‌తోనే వస్తాయి, విడిగా వెతకాల్సిన పని లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హార్డ్ డిస్క్‌లో ఏమీ మార్చకుండానే నడిపి చూడొచ్చు. స్క్రీన్ సరిగ్గా వచ్చిందంటే మీ చిప్ ఆరోగ్యంగా ఉన్నట్టే. సీడాక్ తయారు చేసిన ‘బాస్’ లినక్స్ ప్రభుత్వ రంగం నుంచి వచ్చిందే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది.

అయితే మీసేవ లాంటి సేవా కేంద్రాలు నడిపేవారు, డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు వాడేవారు తొందరపడొద్దు. ఆ పరికరాల సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో పనిచేస్తుందో లేదో నిర్ధారించుకున్నాకే మారాలి. అప్పటిదాకా అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరడం మేలు. విండోస్ 7లాగా మద్దతు ఎప్పుడో ముగిసినదానిపై బ్యాంకు లావాదేవీలు, ఇతరుల ఆధార్ వివరాలతో పని చేయడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. డ్రైవర్ దొరికినంత మాత్రాన పాత విండోస్ సురక్షితమైపోదు.

బాధ్యత ఎవరిది?

కంప్యూటర్ కొన్నప్పుడు బిల్లులో వారంటీ ఎన్నేళ్లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్, డ్రైవర్లు ఎన్నేళ్లు ఇస్తారో ఉండదు. మన దగ్గర ఒక కంప్యూటర్ జీవితం వారంటీతో ముగియదు. ఆఫీసు నుంచి సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్‌కు, అక్కడి నుంచి విద్యార్థి టేబుల్ మీదకు, తర్వాత చిన్న జిరాక్స్ షాపులోకి వెళ్తుంది. చేతులు మారిన ప్రతిసారీ ఫార్మాట్ అవుతుంది. ప్రతి ఫార్మాట్ తర్వాత డ్రైవర్ కావాలి.

‘రిపేరు హక్కు’పై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఇందుకోసం పోర్టల్ తెచ్చింది. వస్తువును ఎంత సులభంగా బాగు చేయించుకోవచ్చో చెప్పే ‘రిపేరబిలిటీ ఇండెక్స్’పై మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారన్నది కూడా అందులో ఒక కొలమానం. కానీ తొలి విడతగా ప్రతిపాదించింది స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లకే. కంప్యూటర్ల వంతు ఇంకా రాలేదు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత ఎలక్ట్రానిక్స్‌ను రీసైకిల్ చేసే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. అది చెత్తగా మారిన తర్వాతి సంగతి. కొన్ని వందల ఎంబీల ఫైలు దొరక్క, బాగున్న యంత్రం చెత్తలోకి పోకుండా చూసే నిబంధన ఇప్పటికైతే లేదు. చివరి డ్రైవర్‌ను సొంత సైట్‌లో శాశ్వతంగా ఉంచడం కంపెనీలకు పెద్ద భారం కాదు. చాలా ఏళ్లుగా కొందరు ఉంచుతున్నారు కూడా. దాన్ని నియమంగా మార్చాలన్నదే అసలు ప్రశ్న.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే విద్యార్థికి, ఉద్యోగ దరఖాస్తు నింపే నిరుద్యోగికి ఫోన్ చాలదు, పెద్ద స్క్రీన్ కావాలి. ఇంట్లో మూలన ఉన్న పాత సిస్టమ్ ఆ అవసరం తీర్చగలదు. దాన్ని తూకానికి వేసే ముందు హార్డ్‌వేర్ ఐడీ ఒకసారి చూడండి. అది బాగానే నడుస్తుంటే, ఈ వారాంతంలో ఒక పెన్‌డ్రైవ్ తీసి డ్రైవర్లు దాచుకోండి.